అన్యజనులెవరు? విశ్వాసమూలమైన రక్షణ – తెలుగు ప్రసంగ వేదిక: ఒక విమర్శ

ఉపోద్ఘాతము

విశ్వాసమూలముగా రక్షణ అనే సిద్ధాంతము తెలుగు సంఘములకు కొత్తది కాదు. బాప్తిస్టు సంఘమైనా, లూథరన్ సంఘమైనా, దక్షిణ ఇండియా సంఘమైనా, పెంతెకొస్తు సహవాసమైనా ఈ విషయములో పైకి భేదము కనబడదు. సండేస్కూలు పిల్లవానిని అడిగినా, క్రియలవలన కాదు, కృపచేతనే రక్షణ అని తడుముకోకుండా చెప్పగలడు. ఇంత స్పష్టముగా తెలిసిన సిద్ధాంతమును మళ్లీ పరిశీలించవలసిన అవసరమేమి అని పాఠకులు అడుగవచ్చును. మేము సిద్ధాంతమును ప్రశ్నించుటలేదు. దానిని మనము ఏ స్థలమునందు నిలిచి ప్రకటిస్తున్నామో ఆ స్థలమును ప్రశ్నిస్తున్నాము.

రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము 16వ వచనములో పౌలు సువార్తను దేవుని శక్తి అని చెప్పి, అది నమ్మువారందరికి అని విస్తరించి, వెంటనే ఇద్దరిని పేర్కొంటాడు. ఒకడు యూదుడు, రెండవవాడు గ్రీసుదేశస్థుడు. ఈ ఇద్దరు పత్రిక పొడవునా వెంటవస్తారు (2:9-10, 3:9, 3:29, 9:24, 10:12, 15:8-9). మన ప్రసంగములలో మాత్రము వీరు కనబడరు. నమ్మిన ప్రతివాడు అన్న మాట దగ్గర మనము ఆగి, ఆ తరువాతి మాటను దాటిపోతాము. ఫలితముగా పౌలు ఇద్దరు మనుష్యుల నడుమ నిలిపిన బోధ, ఒక మనిషికి అతని మనస్సాక్షికి మధ్య వ్యవహారముగా మాత్రమే మిగిలిపోయినది.

దాటిపోయిన ఆ మాట మరొక విధముగా తిరిగి వస్తున్నది. వరంగల్, హనుమకొండ, కాజీపేట పరిసరములలో ఏ ఉజ్జీవ కూడికకు వెళ్లినా "అన్యులు" అనే పదము వినబడుతుంది. ఒక సహోదరుడు అన్యులలోనుండి వచ్చాడని పరిచయము చేస్తారు. ఒక కుటుంబము అన్యుల పెండ్లికి వెళ్లినదని గద్దిస్తారు. పక్కింటివారు, పొలములో కూలికి కలిసి వెళ్లేవారు, బడిలో పాఠము చెప్పేవారు అందరూ ఈ ఒక్క పదములో ఇమిడిపోతారు. ఈ పదమును వాడుచున్న మనము ఎవరము? పౌలు భాషలో అన్యజనులము మనమే. ఈ సంగతిని మరచిన సంఘములో విశ్వాసమూలమైన రక్షణ కృపావరముగా నిలువదు, పుట్టుకతో వచ్చిన హక్కుగా మారిపోతుంది. ఈ వ్యాసములో మా విమర్శ యావత్తు ఈ ఒక్క సంగతిని గూర్చినదే.

పద పరిశీలన

గ్రీకు మూలములో ఎత్నొస్ అనగా జనము. దాని బహువచనము ఎత్నే. పాతనిబంధన హెబ్రీ భాషలో దీనికి సమానమైన పదము గోయ్, బహువచనము గోయీమ్. ఈ పదములకు స్వతహాగా నిందార్థము లేదు. ఆదికాండము 12:2లో దేవుడు అబ్రాహామును గొప్ప జనముగా చేస్తానని వాగ్దానము చేసినప్పుడు వాడిన పదము గోయ్. నిర్గమకాండము 19:6లో ఇశ్రాయేలును పరిశుద్ధ జనమని పిలిచినప్పుడు కూడ అదే పదము. అయితే బహువచనములో, ఇశ్రాయేలుకు వెలుపలి జనులను సూచించుటకు ఈ పదము క్రమముగా స్థిరపడినది.

మన సంఘములలో వాడుకలోనున్న తెలుగు బైబిలు ఈ పదమును సందర్భమునుబట్టి వేరువేరుగా అనువదించినది. మత్తయి 28:19లో సమస్త జనులు అని ఉన్నది. రోమా 3:29లో అన్యజనులు అని ఉన్నది. రెండు చోట్లను మూలములో ఉన్నది ఎత్నే. మరింత గమనించదగినది అబ్రాహాము వాగ్దానము. ఆదికాండము 22:18లో ఆశీర్వాదము పొందువారు భూలోకములోని జనములు. అబ్రాహాముకు కలిగిన వాగ్దానమును పౌలు గలతీ 3:8లో సువార్తగా ఎత్తి చెప్పినప్పుడు తెలుగులో వారు అన్యజనులయ్యారు.

అనువాదకులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. యూదులకు, యూదులు కానివారికి గల భేదమే వాదమునకు కేంద్రమైన చోట ఏదో ఒక ప్రత్యేక పదము వారికి కావలసినది. కాని తెలుగులో "అన్య" అనగా ఇతర, పరాయి అని అర్థము. పరాయివాడు అన్నప్పుడు, ఎవరికి పరాయివాడు అనే ప్రశ్న వెంటనే పుడుతుంది. పౌలు వ్రాతలో దానికి జవాబు ఇశ్రాయేలుకు అని. మన చెవికి మాత్రము అది మనకు అని వినబడుతుంది. చదివేవాడు తనకు తెలియకుండానే యూదుని ఆసనములో కూర్చుంటాడు, తన పక్కింటివానిని అన్యుని స్థలములో నిలబెడతాడు. ఒక వ్యాకరణ విషయముగా కనిపించే ఈ చిన్న మార్పు రోమా పత్రిక వాదమునంతటిని తలక్రిందులు చేస్తుంది.

ఒక ఆక్షేపణ

ఇందుకు సమర్థమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. పత్రికలలోనే విశ్వాసులకు వెలుపలివారిని సూచించుటకు ఈ పదము వాడబడలేదా? 1 కొరింథీ 12:2లో పౌలు కొరింథీయులు అన్యజనులై యుండిన కాలమును గూర్చి గతకాలములో మాటలాడుతున్నాడు. 1 థెస్సలొనీక 4:5లో దేవుని ఎరుగని అన్యజనుల కామాభిలాషను గూర్చి హెచ్చరిస్తున్నాడు. ఎఫెసీ 4:17లో అన్యజనులు నడుచుకొనునట్లు నడువకూడదని చెప్పుచున్నాడు. పేతురు కూడ అన్యజనుల మధ్య మంచి ప్రవర్తన గలవారై యుండవలెనని వ్రాశాడు (1 పేతురు 2:12). కాబట్టి నేటి వాడుక లేఖనానుసారమే కదా అని కొందరు అడుగుతారు.

ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. అయితే ఈ వచనములన్నిటిని వరుసగా పెట్టి చదివితే రెండు సంగతులు తేటపడతాయి. మొదటిది, ఈ పదము జీవనవిధానమును సూచించిన ప్రతి చోట గద్దింపు విశ్వాసుల తట్టే తిరిగియున్నది. 1 కొరింథీ 5:1లో అన్యజనులలోనైనను కానరాని పాపము సంఘములో ఉన్నదని పౌలు సంఘమును సిగ్గుపరుస్తున్నాడు. పొరుగువానిని తక్కువచేయుటకు ఆ పదమును వాడుకొమ్మని ఎక్కడా చెప్పలేదు. రెండవది, ఈ పదము పుట్టుకను సూచించినప్పుడు విశ్వాసులు ఇంకను అన్యజనులే. రోమా 11:13లో అన్యజనులగు మీతో అని పౌలు వర్తమానములోనే సంబోధిస్తున్నాడు. రోమా 16:4లో వారి సంఘములను అన్యజనుల సంఘములుగానే పేర్కొంటున్నాడు. ఎఫెసీ 2:11-12లో శరీర విషయములో మీరెవరో జ్ఞాపకము చేసికొనుడని ఆజ్ఞాపిస్తున్నాడు. మరచిపొమ్మని కాదు, జ్ఞాపకముంచుకొమ్మని ఆజ్ఞ. ఆ జ్ఞాపకము పోయినచోట ఏమి జరుగునో రోమా 11:17-22 చెప్పుచున్నది. అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మ, విరిచివేయబడిన కొమ్మలమీద అతిశయపడుతుంది. వేరును తానే భరిస్తున్నానని తలంచుతుంది.

అంతియొకయలో ఒక బల్ల

విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట అనే మాట గలతీ పత్రికలో మొదట ఎక్కడ వచ్చినదో మన విద్యార్థులు గమనించవలెను. అది 2:16లో వచ్చినది. ఆ ఒక్క వచనములోనే మూడు మారులు వచ్చినది. దానికి ముందున్నది ఒక భోజనపు బల్ల. అంతియొకయలో కేఫా అన్యజనులతో కలిసి భుజించుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తీసి వేరైపోయెను. తక్కిన యూదులు, చివరకు బర్నబా సహితము ఆ వేషధారణలో చేరిరి. కేఫా ఆ దినమున ఏ సిద్ధాంతమును ఖండించలేదు. క్రియలవలన రక్షణ అని బోధించలేదు. బల్లనుండి లేచిపోయెను, అంతే. ఆ లేచిపోవుటలోనే సువార్త సత్యము చెరుపబడుచున్నదని పౌలు చూచెను.

గత అరువది ఏండ్లుగా పండితలోకము ఈ సంగతిని మళ్లీ వెలికితీసినది. క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన వ్యాసములో, పౌలును మనము లూథరు మనస్సాక్షి పోరాటము ద్వారా మాత్రమే చదువుతున్నామని విమర్శించాడు. పౌలు ప్రశ్న అన్యజనుల స్థానమును గూర్చినదని చెప్పాడు. ఇ. పి. శాండర్స్ 1977లో వెలువరించిన గ్రంథములో, మొదటి శతాబ్దపు యూదామతము కేవలము పుణ్యము కూడబెట్టుకొను మతమన్న అభిప్రాయము నిలువదని చూపించాడు. జేమ్స్ డన్, ఎన్. టి. రైట్ ఈ మార్గములో ముందుకు సాగారు. ధర్మశాస్త్ర క్రియలు అనగా ప్రత్యేకముగా సున్నతి, ఆహార నియమములు, విశ్రాంతిదినము వంటి సరిహద్దు గుర్తులని డన్ వాదించాడు.

ఈ పండితుల మాటను మేము పూర్తిగా అంగీకరించలేము. రోమా 3:23 చెప్పుచున్న పాపము సరిహద్దు సమస్యకంటె లోతైనది. రోమా 4:5లో భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చు దేవుడు కనబడుతున్నాడు; ఆ భక్తిహీనుడు ప్రతి మనిషి. సిలువను సామాజిక సమరసతకు ఒక చిహ్నముగా కుదించుట సువార్తను కుదించుటయే. అయినను వారు ఎత్తి చూపిన లోపము వాస్తవము. దేవుని యెదుట నన్ను నీతిమంతునిగా తీర్చిన క్రియ, అదే రీతిగా తీర్చబడినవాని పక్కన నన్ను కూర్చుండబెట్టనిచో, నేను ఆ క్రియను సగము మాత్రమే విన్నాను.

యెరూషలేము సభలో పేతురు పలికిన మాట ఈ సందర్భములో మిక్కిలి విలువైనది (అపొ. కార్య. 15:7-11). కొర్నేలీ ఇంట జరిగినదానిని చెప్పి అతడు తన మాటను ముగించిన తీరును గ్రీకు మూలములో పరిశీలించవలెను. యూదులమైన మనవలెనే వారును రక్షణ పొందుదురు అన్నది మనము ఎదురుచూసే క్రమము. మూలములోని క్రమము వేరు: వారు ఏ రీతిగానో ఆ రీతిగానే మనమును. లోపలివాడు తన రక్షణను వెలుపలివాని రక్షణనుబట్టి కొలుచుకొన్నాడు. కొర్నేలీ పేతురుకు కొలమానమయ్యాడు. విశ్వాసమూలమైన రక్షణను నిజముగా అర్థము చేసికొన్నవాని భాష ఇది.

ఒంగోలు అనుభవము

ఈ బోధ మన తెలుగు నేలమీద ఒకనాడు అక్షరాల పరీక్షకు వచ్చినది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే సంవత్సరమున తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందాడు. ఆయన మాదిగ కులమునకు చెందినవాడు. తోలు వ్యాపారము మీద తిరుగుతూ తనవారికి సువార్త చెప్పాడు. అదే కాలములో ఒంగోలులోని అగ్రవర్ణముల వారు కొందరు మిషనరీ బోధయందు, బడియందు ఆసక్తి చూపారు. మాదిగలు రాసాగినప్పుడు వారు అభ్యంతరము తెలిపారు. వీరిని చేర్చుకొంటే మేము రాము అన్నది ఆ అభ్యంతరపు సారాంశము. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ 1:26-29 వాక్యభాగమే ఎదురైనదని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. మాదిగలను చేర్చుకొన్నారు, అగ్రవర్ణముల వారు వెళ్లిపోయారు.

ఈ వృత్తాంతమును మనము దైవనడిపింపుకు సాక్ష్యముగా చెప్పుకొంటాము, అది సబబే. దానిలోని వేదాంతమును కూడ చూడవలెను. ఆ దినమున ఒంగోలులో అడుగబడినది గలతీయుల ప్రశ్నయే. దేవుని ప్రజలలో చేరుటకు ముందు ఒక మెట్టు ఎక్కవలెనా? ముందు సున్నతి, తరువాత క్రీస్తు అన్నారు గలతీయలోని బోధకులు. ముందు కులగౌరవము, తరువాత సువార్త అన్నది ఒంగోలు వాదము. తీతు సున్నతి పొందుటకు బలవంతము చేయబడనట్లే (గలతీ 2:3) పేరయ్య తన పుట్టుకను దాచుకొనవలసిన పని లేకపోయినది.

క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమములు పెట్టాడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మొక్కరాదు. యెరూషలేము సభ అన్యజన విశ్వాసులకు వ్రాసిన నియమములతో (అపొ. కార్య. 15:29) వీటిని పోల్చి చూచుట విద్యార్థులకు ఉపయోగకరము. రెండింటిలోను విగ్రహముల ప్రస్తావన, మాంసాహార ప్రస్తావన ఉన్నవి. రక్షణకు షరతుగా కాక, కలిసి జీవించుటకు క్రమముగా యెరూషలేము నియమములు ఇవ్వబడినవి. మన సంఘములలోని నియమములు ఈ హద్దులో నిలిచినవా, షరతులుగా మారినవా అని ప్రతి కాపరి విచారించుకొనవలెను.

1876-78 నాటి గొప్ప కరవు కాలములో క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. అన్నము కొరకు వచ్చుచున్నారన్న నింద రాకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేశాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందారు. మరుసటి సంవత్సరము, 1879లో, మా హనుమకొండలో అమెరికన్ బాప్తిస్టు మిషను కేంద్రము ఏర్పడినది. ఈ ప్రాంతపు బాప్తిస్టు సంఘములు ఆ వేరునుండి మొలిచిన కొమ్మలే.

అయితే చరిత్రలోని రెండవ భాగమును కూడ చెప్పుకొనవలెను. బాప్తిస్టు సంఘములలో ఎక్కువమంది మాదిగలు చేరారు. లూథరన్, ఆంగ్లికన్ సంఘములలో ఎక్కువమంది మాలలు చేరారు. మిషనులు ప్రాంతములను పంచుకొన్నవి, సమూహములు సమూహములుగా జనులు వచ్చారు. క్రమేణా అనేక గ్రామములలో సంఘము పేరు చెప్పితే కులము తెలిసిపోవు స్థితి ఏర్పడినది. విశ్వాసమూలమైన రక్షణ, ఎవరు లోపలికి రావచ్చును అన్న ప్రశ్నకు మన నేలపై ఘనమైన జవాబు ఇచ్చినది. లోపలికి వచ్చినవారు ఎవరి పక్కన కూర్చుంటారు అన్న అంతియొకయ ప్రశ్నను మాత్రము మనము వాయిదా వేసికొన్నాము.

కొత్తరెడ్డిపాలెము అడిగే ప్రశ్న

ఈ వాయిదాకు ఊహించని ఒక పర్యవసానము గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెములో కనబడుతుంది. పూర్వము బాప్తిస్టు సంఘములో ఉండిన మాదిగ కుటుంబములు కొన్ని, తాము ఎఫ్రాయిము గోత్రపు సంతతివారమని చెప్పుచు, బెనె ఎఫ్రాయిము అను పేరుతో యూదు ఆచారములను అవలంబించి, సమాజమందిరము ఏర్పరచుకొన్నారు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజమును దగ్గరగా పరిశీలించి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది.

వారి వంశావళి వాదమును తేల్చుట మా పని కాదు. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. వారిని గలతీయులని పిలిచి చేయి దులుపుకొనుట సులభము. అది న్యాయము కాదు. మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న వేరు. మీరును అబ్రాహాము సంతానమే, వాగ్దాన ప్రకారము వారసులే అని గలతీ 3:29 చెప్పిన మాట మన సంఘములలో బల్లమీద, పెండ్లిలో, పెత్తనములో కనబడియుంటే, అబ్రాహాము పేరును వెదకుకొనుచు బయటికి నడువవలసిన అవసరము ఎంతమందికి కలిగియుండును?

అదే సమయములో సంఘములోపల మరొక ధోరణి పెరుగుచున్నది. హెబ్రీ పేర్లతో పిలిస్తేనే ప్రభువు వింటాడన్న బోధ, శనివారము ఆచరించనివాడు అసంపూర్ణుడన్న బోధ, కొమ్ముబూర ఊదుట, ఇశ్రాయేలు జెండా పట్టుకొని ఆరాధించుట మన జిల్లాలలోను వినబడుచున్నవి. హెబ్రీ నేర్చుకొనుట మంచిదే. యూదుల పండుగలను తెలిసికొనుట లేఖనమును అర్థము చేసికొనుటకు మేలే. కాని యూదుడు కానందున నాలో ఏదో కొరత ఉన్నదని అన్యజన విశ్వాసి తలంచిన క్షణముననే గలతీ పత్రిక అతనికొరకు వ్రాయబడినది. విచిత్రమేమనగా, యూదుని ఆసనములో కూర్చుండి పొరుగువానిని అన్యుడనుట, యూదుని వస్త్రము తొడుగుకొని తృప్తిపడుట, ఈ రెండును ఒకే మరపునుండి పుట్టినవి. అన్యజనులుగానే మనము పిలువబడితిమి, అన్యజనులుగానే అంగీకరింపబడితిమి అన్న సంగతిని రెండును మరచినవి.

కాపరులకు కొన్ని మాటలు

మొదటిగా, అన్యులు అను సంబోధనను ప్రసంగమునుండి, ప్రార్థననుండి తొలగించవలెనని మేము కోరుచున్నాము. పొరుగువారు అనవచ్చును, హిందూ సోదరులు, ముస్లిం సోదరులు అని పేరుతో పిలువవచ్చును. లేఖనములో ఆ పదము వచ్చినప్పుడు, ఇక్కడ అన్యజనులు అనగా మనమే అని ఒక్క వాక్యము చేర్చినచో వినువారి చెవి మారుతుంది.

రెండవదిగా, రోమా పత్రికను ఎనిమిదవ అధ్యాయముతో ముగించరాదు. 9 నుండి 11 అధ్యాయములు ప్రసంగింపబడని సంఘములో అడవి ఒలీవ కొమ్మ తన పేరు మరచిపోతుంది. యూదులను శపింపబడినవారని తేలికగా మాటలాడుట, వారిని పొగడి అనుకరించుట అనే రెండు తప్పులకును మందు అక్కడనే ఉన్నది. దేవుని వరములు, పిలుపు పశ్చాత్తాపము లేనివని పౌలు ఇశ్రాయేలును గూర్చియే చెప్పెను (11:29).

మూడవదిగా, సంస్కారపు బల్లను పరీక్షించుకొనవలెను. ఒకే గిన్నెలో పాలుపొందిన రెండు కుటుంబములు వియ్యమందుటకు వెనుకాడితే, ఒకే సంఘపు మృతులు వేరువేరు చోట్ల పాతిపెట్టబడితే, ఎన్నికలు వచ్చినప్పుడు సంఘ పెద్దలు కులమునుబట్టి చీలిపోతే, మనము కేఫా లేచిపోయిన బల్లయొద్దనే ఉన్నాము. ఇతర కులములనుండి వచ్చిన కొత్త విశ్వాసిని వేదికమీద నిలబెట్టి సాక్ష్యము చెప్పించుట మనకు తెలుసు. అతనిని ఇంటికి పిలిచి, ఏండ్ల తరబడి మనవానిగా చూచుట మనకు కష్టము. అతడు ఇరువది ఏండ్ల తరువాతను అన్యులలోనుండి వచ్చినవాడుగానే పరిచయము చేయబడుతున్నాడు. మరి మనము ఎవరిలోనుండి వచ్చితిమి?

ముగింపు

పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, నేడు మహబూబాబాద్ జిల్లాలోనున్న దోర్నకల్‌లో ఒక కెథీడ్రల్ ఉన్నది. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిన వి. ఎస్. అజరయ్య పాలనలో అది నిర్మింపబడి 1939లో ప్రతిష్ఠింపబడినది. ఆయన తిరునెల్వేలి నుండి వచ్చిన తమిళుడు; తెలుగువారి మధ్య తానే పరాయివాడు. తాను కట్టిన ఆలయములో ఈ దేశపు మందిరముల, మసీదుల రూపురేఖలకు చోటిచ్చాడు. దాని పేరు ఎపిఫనీ కెథీడ్రల్. ఎపిఫనీ అనగా తూర్పుదేశపు జ్ఞానులకు, అనగా అన్యజనులకు, క్రీస్తు ప్రత్యక్షమైన పండుగ.

ఆ పేరు తెలంగాణ సంఘమునంతటికి చెందినదని మేము భావిస్తున్నాము. మనము తూర్పునుండి నక్షత్రము చూచి వచ్చినవారి జాబితాలోనివారము. హేరోదు కొలువులో లేఖనములు విప్పి చూపి కదలకుండ కూర్చున్నవారి జాబితాలో చేరకుందము గాక. యూదుడు, అన్యజనుడు ఒకే విశ్వాసమువలన ఒకే దేవుని యెదుట నీతిమంతులుగా తీర్చబడుదురన్న బోధ మన చేతికి కాపలా కాయుటకు ఇవ్వబడలేదు. మనకు చోటిచ్చిన బల్లయొద్ద మరొకనికి చోటిచ్చుటకు ఇవ్వబడినది. రాబోవు ఆదివారము రోమా పత్రిక తెరిచిన కాపరి, ఆ పత్రిక ఎవరిని అన్యజనులని పిలుచుచున్నదో ముందుగా తన సంఘమునకు చెప్పునుగాక.